1987లో లంకకు సైన్యాన్ని పంపి మనం ఏం సాధించాం?

పొరుగు దేశంలో కాస్త అలజడి మొదలైతే చాలు, టీవీ చర్చల్లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒకటే గోల, "సైన్యాన్ని పంపించి తేల్చెయ్యాలి" అని. 2024 ఆగస్టులో ఢాకాలో షేక్ హసీనా ప్రభుత్వం కూలినప్పుడు విన్నాం. అంతకుముందు మాల్దీవుల్లో అధ్యక్షుడిగా ముయిజ్జు గెలిచి మన సైనికుల్ని వెళ్లిపొమ్మన్నప్పుడూ విన్నాం. అనేవాళ్లకి పోయేదేం లేదు. కానీ ఇలాంటి ఒత్తిడి నిజంగానే ప్రధాని టేబుల్ దాకా వెళ్తుంది, ఒక్కోసారి ఆయన చేత సంతకం కూడా పెట్టిస్తుంది. 1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ పెట్టిన సంతకం అలాంటిదే. దాని గురించి మనలో చాలామందికి తెలిసింది రెండు ముక్కలు: మన సైన్యం శాంతి సేన పేరుతో లంక వెళ్లింది, తర్వాత శ్రీపెరంబుదూరులో బాంబు పేలి రాజీవ్ చనిపోయారు. మధ్యలో జరిగిందే అసలు విషయం. ఇప్పుడున్న ప్రధానికైనా, రేపు రాబోయే ప్రధానికైనా చెప్పాల్సిందంతా అందులోనే ఉంది కాబట్టి కాస్త ఓపిగ్గా విప్పి చూద్దాం.

గొడవ మూలం మనది కాదు. 1956లో లంక ప్రభుత్వం సింహళం ఒక్కటే అధికార భాష అని చట్టం చేసింది, ఆ తర్వాత యూనివర్సిటీ సీట్లలో తమిళ పిల్లలకు అన్యాయం జరిగింది, 1981లో జాఫ్నా లైబ్రరీని తగలబెట్టారు. 1983 జులై 23న జాఫ్నా శివార్లలో ఎల్టీటీఈ, అంటే ప్రత్యేక తమిళ దేశం కోసం ఆయుధాలు పట్టిన తమిళ పులుల, దాడిలో 13 మంది సైనికులు చనిపోతే, ఆ కోపాన్ని కొలంబోలో మామూలు తమిళుల మీద తీర్చుకున్నారు. ఓటర్ల జాబితాలు చేత్తో పట్టుకుని ఏ ఇల్లు ఎవరిదో చూసి మరీ కాల్చారు. తమిళనాడు తీరానికి శరణార్థుల రాక వేలల్లో మొదలై లక్ష దాటింది. అంతమంది మన గడ్డ మీదకి వచ్చాక అది లంక సొంత వ్యవహారం అని ఢిల్లీ చేతులు కట్టుకుని కూర్చోలేదు, అందులో తప్పు పట్టడానికేం లేదు.

తప్పు ఆ తర్వాతి అడుగులో ఉంది. ఇందిరాగాంధీ ప్రభుత్వం ఒక చేత్తో మాటలు జరుపుతూ, ఇంకో చేత్తో మన విదేశీ గూఢచారి సంస్థ రా ద్వారా తమిళ సాయుధ గ్రూపులకు శిక్షణ ఇప్పించింది. ఎల్టీటీఈ, టెలో, ఈపీఆర్ఎల్ఎఫ్, ఈరోస్, ప్లాట్, అన్నిటికీ. ఒకరి మీద ఒకరిని పెట్టి అందర్నీ గుప్పిట్లో ఉంచుకోవచ్చని లెక్క. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. ఎల్టీటీఈ అధినేత ప్రభాకరన్ 1986లో టెలోను దాదాపు తుడిచిపెట్టేశాడు, మిగతావాళ్లని మూలకి నెట్టేశాడు, అప్పుడు ఢిల్లీ గుప్పిట్లో మిగిలిన పులి ఒక్కటే, అదీ గుప్పిట్లో ఉందని ఢిల్లీ మాత్రమే అనుకుంది. తమిళనాడు ముఖ్యమంత్రి ఎంజీఆర్ ఎల్టీటీఈకి డబ్బు సాయం బహిరంగంగానే చేసేవారు. అంటే కేంద్రం ఒక విధానం నడుపుతోంది, రాష్ట్రం ఇంకోటి నడుపుతోంది, గూఢచారి సంస్థ మూడోది.

1987 మేలో లంక సైన్యం జాఫ్నా ద్వీపకల్పంలో వడమరాచ్చి మీద పెద్ద దాడి మొదలుపెట్టింది. జూన్ 3న మనం సాయం సరుకులతో పడవలు పంపితే లంక నేవీ వెనక్కి తిప్పి పంపింది. మర్నాడే ఐదు ఆంటొనోవ్ విమానాలు, వాటికి కాపలాగా మిరాజ్‌లు, జాఫ్నా మీద సుమారు 25 టన్నుల సరుకు జారవిడిచాయి. దానికి ఆపరేషన్ పూమాలై అని పేరు, తమిళంలో పూలదండ. చేసింది గగనతల ఉల్లంఘనే, అందులో అనుమానం లేదు. కానీ అప్పటిదాకా మొండికేసిన అధ్యక్షుడు జయవర్ధనే రెండు నెలలు తిరక్కుండానే ఒప్పందానికి దిగొచ్చాడు. రాజీవ్ అక్కడ ఆగి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పనే ఉండేది కాదు.

ఆగలేదు. ఒప్పందంలో ఏముందో చూడండి. ఉత్తర, తూర్పు ప్రావిన్సుల్ని కలుపుతారు, తమిళులకు ప్రొవిన్షియల్ కౌన్సిళ్లు ఇస్తారు, సాయుధ గ్రూపులు ఆయుధాలు అప్పగిస్తాయి, కావాలంటే భారత సైన్యం వచ్చి అమలు చూసుకుంటుంది. సంతకాలు రెండే: రాజీవ్‌ది, జయవర్ధనేది. నిజంగా తుపాకులు పట్టుకుని యుద్ధం చేస్తున్న ఎల్టీటీఈ సంతకం లేదు. ప్రభాకరన్‌ను ఢిల్లీ హోటల్లో ఉంచి ఒప్పించామనుకున్నారు. ఆయన ఆగస్టు 4న సుదుమలైలో జనం ముందు నిలబడి, భారత్ లాంటి పెద్ద శక్తి నిర్ణయించాక మేం చేసేదేం లేదు అన్న ధోరణిలో మాట్లాడాడు. ఒప్పుకున్నట్టు కాదు, తప్పక తలొంచినట్టు. మర్నాడు కొన్ని తుపాకులు అప్పగించారు. అసలువి ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి.

అవతలి పక్క లంకలో ప్రధాని ప్రేమదాసకే ఈ ఒప్పందం నచ్చలేదు. దక్షిణాన జనతా విముక్తి పెరమున, అంటే జేవీపీ అనే సింహళ వామపక్ష పార్టీ, వీధుల్లోకి వచ్చింది. జులై 30న గౌరవ వందనం తీసుకుంటున్న రాజీవ్ మీద ఒక సింహళ నావికుడు తుపాకీ మడమతో దెబ్బ వేశాడు, ఆ ఫోటో ప్రపంచమంతా చూసింది. అతిథి ప్రధానిని కొట్టేంత కోపం ఆ దేశంలో ఉందని ఫోటో చెబుతుంటే, అదే రోజు మన సైన్యం జాఫ్నా దగ్గరి పలాలీ విమానాశ్రయంలో దిగుతోంది. మొదట వెళ్లింది సికింద్రాబాద్ కేంద్రంగా ఉండే 54వ ఇన్‌ఫాంట్రీ డివిజన్, మేజర్ జనరల్ హర్‌కిరత్ సింగ్ ఆధ్వర్యంలో. అలా ఈ కథ మన ఊరి కంటోన్మెంట్ నుంచే బయల్దేరింది. వెళ్లిన జవాన్లకు అర్థమైన పని ఏమిటంటే, ఆయుధాలు తీసుకోవడం, ఇరుపక్షాల మధ్య నిలబడటం, తిరిగి రావడం. యుద్ధం చెయ్యడానికి వెళ్లలేదు వాళ్లు.

ఒక్క వివరం చాలామంది దాటేస్తారు. జయవర్ధనేకి మన సైన్యం ఎందుకు కావాలి? దక్షిణాన జేవీపీ తిరుగుబాటును అణచడానికి ఉత్తరాన ఉన్న తన సైన్యం ఖాళీ కావాలి. ఆ సైన్యాన్ని జాఫ్నా నుంచి కొలంబోకి చేర్చింది కూడా మన విమానాలే. అంటే ఆయన తన యుద్ధాన్ని మనకి అప్పగించి ఇంకో యుద్ధం చూసుకున్నాడు. ముసలి నాయకుడి రాజకీయ తెలివికి దండం పెట్టాల్సిందే. మన వైపు ఆ లెక్క ఎవరూ వెయ్యలేదా అంటే, వేసినవాళ్లు ఉండే ఉంటారు, వినిపించే చోట లేరు.

సెప్టెంబరు 15న తిలీపన్ అనే ఎల్టీటీఈ నాయకుడు నల్లూరు గుడి దగ్గర నిరాహార దీక్షకు కూర్చున్నాడు, మన సైన్యానికి వ్యతిరేకంగా, మంచినీళ్లు కూడా ముట్టకుండా. 26న చనిపోయాడు. గాంధీ పుట్టిన దేశం మీద గాంధీ ఆయుధాన్నే వాడారు, జాఫ్నా జనం మనసు అక్కడే మారిపోయింది. అక్టోబరు మొదట్లో లంక నేవీ సముద్రంలో 17 మంది పులుల్ని పట్టుకుంది, వాళ్లని విచారణకు కొలంబో తీసుకెళ్తామంది. వాళ్లు పలాలీలో మన సైన్యం పక్కనే బందీలుగా ఉన్నారు, మనం ఆపలేకపోయాం. అక్టోబరు 5న సైనైడ్ మింగారు, 12 మంది పోయారు. ఆ తర్వాత ఎల్టీటీఈ తూర్పున సింహళ పౌరుల్ని ఊచకోత కోసింది, అక్టోబరు 10న ఢిల్లీ నుంచి ఆపరేషన్ పవన్, అంటే ఎల్టీటీఈ మీద యుద్ధానికి, ఆదేశం వచ్చింది. పది రోజుల్లో శాంతి సేన యుద్ధ సేన అయిపోయింది, కొత్త లక్ష్యం ఏమిటో, అది పూర్తయిందని ఎప్పుడు అనుకోవాలో ఎవరూ రాసి ఇవ్వలేదు.

రాజీవ్‌కి ఆలోచించుకునే అవకాశం ఉన్నది సరిగ్గా ఈ పది రోజుల్లోనే. సైన్యాధిపతి సుందర్జీ అంచనా ప్రకారం ఇది రోజుల్లో, మహా అయితే వారాల్లో తేలిపోయే పని. క్షేత్రంలో ఉన్న జనరల్ హర్‌కిరత్ సింగ్‌కి అంత ధీమా లేదు, గెరిల్లాలతో పోరు ఏళ్లు సాగుతుందని చెప్పానని తర్వాత ఆయన రాసుకున్నారు. కొలంబోలో హైకమిషనర్ దీక్షిత్ ఒకటి చెబుతారు, పుణెలోని సదరన్ కమాండ్ ఒకటి చెబుతుంది, రా తన పాత పరిచయాలు తను చూసుకుంటుంది. ఇన్ని నోళ్లు ఇన్ని మాటలు చెబుతున్నప్పుడు నాయకుడు చెయ్యాల్సిన పని అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి, "ఇది ఎలా ముగుస్తుంది?" అని అడగటం. అందులో ధీమాగా మాట్లాడినాయన మాటే నెగ్గింది. అధికారంలో ఉన్నవాళ్ల దగ్గర ఎప్పుడూ ఇదే జరుగుతుంది, ధీమా ఉన్నవాడికి సమాచారం ఉందనుకుంటారు.

అక్టోబరు 11 రాత్రి జాఫ్నా యూనివర్సిటీ ఆవరణలో ఎల్టీటీఈ నాయకత్వం ఉందని హెలికాప్టర్లలో కమాండోల్ని, 13వ సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ బెటాలియన్ జవాన్లను దించారు. పులులు ముందే కాచుకుని ఉన్నారు. దిగిన 30 మంది సిఖ్ లైట్ జవాన్లలో 29 మంది చనిపోయారు, ఒక్కరు బందీగా దొరికారు. మనవాళ్ల చేతిలో పాత ఎస్ఎల్ఆర్ తుపాకులు, అవతల ఏకే-47లు. కొన్నాళ్ల కిందటిదాకా మనమే శిక్షణ ఇచ్చినవాళ్లు, మన పద్ధతులు తెలిసినవాళ్లు. రెండు వారాల్లో జాఫ్నా పట్టణం చేతికొచ్చింది, పులులు వన్ని అడవుల్లోకి వెళ్లిపోయారు. అదే అక్టోబరులో జాఫ్నా ఆస్పత్రిలో మన సైన్యం కాల్పుల్లో డాక్టర్లు, నర్సులు, రోగులు చనిపోయారు. మన దగ్గర దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, అక్కడ మర్చిపోయినవాళ్లు తక్కువ. కాపాడటానికి వచ్చారని పూలదండలు వేసిన తమిళులు మూడు నెలల్లో తలుపులు వేసుకున్నారు.

ఒక దశలో అక్కడ నాలుగు డివిజన్లు, 70 వేల మందికి పైగా సైన్యం. ఇప్పుడు దీన్ని దేశం మొత్తం పటం మీద పెట్టి చూడండి, ఎందుకంటే ప్రాధాన్యాల మాట అక్కడే తేలుతుంది. 1986-87లో అరుణాచల్‌లో సుమ్‌దొరొంగ్ చూ దగ్గర చైనా సైన్యంతో ఎదురెదురుగా నిలబడి ఉన్నాం. అదే చలికాలంలో బ్రాస్‌టాక్స్ విన్యాసాలతో పాకిస్తాన్‌తో యుద్ధం అంచుదాకా వెళ్లొచ్చాం. సియాచిన్‌లో 1987లోనే పెద్ద పోరు నడిచింది. పంజాబ్ కాలుతోంది. ఇవన్నీ ఉండగా నాలుగో దిక్కున సముద్రం దాటి ఇంకో రంగం తెరిచాం. 1989 డిసెంబరులో కేంద్ర హోంమంత్రి కూతుర్ని శ్రీనగర్లో కిడ్నాప్ చేసి కశ్మీర్ మిలిటెన్సీ బహిరంగంగా బయటపడేనాటికి కూడా మన సైన్యంలో ఒక భాగం ఇంకా లంక నుంచి తిరిగి రాలేదు. లంకకు వెళ్లకపోతే కశ్మీర్ చల్లగా ఉండేదని నేను అనను, అలా చెప్పడం మోసం. కానీ ఒక దేశపు సైన్యం, నిఘా సంస్థ, ప్రధాని బుర్ర, ఈ మూడిటికీ హద్దు ఉంది. అక్కడ ఖర్చయింది ఇక్కడికి మిగలదు.

1988 చివర్లో ప్రేమదాస అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. 1989 జూన్ 1న మన సైన్యం జులై నెలాఖరుకల్లా వెళ్లిపోవాలని బహిరంగంగా ప్రకటించాడు. అంతటితో ఆగకుండా, మన సైన్యంతో పోరాడుతున్న ఎల్టీటీఈకే ఆయుధాలు ఇప్పించాడు. ఎవరి దేశాన్ని ముక్కలు కాకుండా కాపాడటానికి మనవాళ్లు చస్తున్నారో ఆ దేశాధ్యక్షుడే వాళ్లని చంపేవాళ్లకు తుపాకులు పంపాడన్నమాట. సింహళులకు ఆక్రమణ సైన్యం, తమిళులకు ద్రోహి సైన్యం, రెంటికీ చెడ్డ రేవడిలా అయింది మన శాంతి సేన పరిస్థితి. ఎన్టీఆర్ ఛైర్మన్‌గా ఉన్న నేషనల్ ఫ్రంట్ గెలిచి వీపీ సింగ్ ప్రధాని అయ్యాక వెనక్కి పిలిచే పని వేగంగా జరిగింది, 1990 మార్చి 24న చివరి దళం త్రికోణమలై నుంచి బయల్దేరింది. 1,100 మందికి పైగా జవాన్లు తిరిగి రాలేదు. వచ్చినవాళ్లకు మద్రాసులో స్వాగతం చెప్పడానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. ఆయన రాజకీయం ఆయనది అనుకున్నా, ఆదేశం పాటించి వెళ్లిన జవాను చేసిన తప్పేంటి?

1991 మే 21 సాయంత్రం రాజీవ్ విశాఖపట్నంలో ఎన్నికల ప్రచారం ముగించుకుని మద్రాసుకు బయల్దేరారు. ఆ రాత్రి శ్రీపెరంబుదూరులో జరిగింది అందరికీ తెలుసు. ఆయన మళ్లీ ప్రధాని అయితే శాంతి సేన మళ్లీ వస్తుందన్న భయం ఎల్టీటీఈని నడిపించింది. ప్రేమదాసను కూడా రెండేళ్ల తర్వాత, 1993 మే డే నాడు, ఎల్టీటీఈనే చంపింది.

ఇదంతా చదివి సైన్యాన్ని ఎప్పుడూ, ఎక్కడికీ పంపకూడదు అంటే అదీ తప్పే. 1971లో తూర్పు పాకిస్తాన్‌లోకి వెళ్లాం. అప్పటి సైన్యాధిపతి మానెక్‌షా తొందరపడలేదు, వానాకాలం పోయేదాకా, హిమాలయ కనుమలు మంచుతో మూసుకునేదాకా ఆగారు, ఇందిర ఆగనిచ్చారు. 13 రోజుల్లో యుద్ధం ముగిసింది, 1972 మార్చికల్లా సైన్యం తిరిగొచ్చేసింది. అక్కడ జనం మన వైపు, లక్ష్యం ఒక్కటి, ఎప్పుడు రావాలో ముందే తెలుసు. 1988 నవంబరు 3న మాల్దీవుల్లో కిరాయి మూకలు మాలేను పట్టుకుంటే అధ్యక్షుడు గయూమ్ సాయం అడిగాడు, ఆ రాత్రికే ఆగ్రా నుంచి మన పారా దళాలు అక్కడ దిగాయి. గంటల్లో పని అయిపోయింది, పారిపోతున్న ఓడను మన ఐఎన్ఎస్ గోదావరి వెంటాడి పట్టుకుంది. అప్పుడు ప్రధాని రాజీవే, సైన్యమూ ఇదే. మరి లంకలో తేడా ఎక్కడుందంటే, అక్కడ పిలిచినవాడు ఒకడు, పోరాడేవాడు ఇంకొకడు, ఇద్దరిలో ఎవరూ మన మాట మీద నిలబడరు. మనం వెళ్లింది ఇంకో దేశం లోపలి రాజకీయ తగాదా తీర్చడానికి. ఆ పని ఎంత మంచి సైన్యానికైనా చేతకాదు.

పైగా మనకి నిజంగా కావాల్సింది వేరే ఉంది, దాని సంగతి చాలామందికి తెలియదు. ఒప్పందానికి జతగా రాజీవ్, జయవర్ధనే ఉత్తరాలు మార్చుకున్నారు. త్రికోణమలై రేవును భారత్‌కు హాని కలిగించేలా ఏ దేశపు సైన్యానికీ ఇవ్వకూడదు, అక్కడి బ్రిటిష్ కాలపు ఆయిల్ ట్యాంకుల్ని ఇద్దరం కలిసి బాగు చేసుకుందాం, విదేశీ రేడియో కేంద్రాల్ని సైనిక అవసరాలకు వాడనివ్వకూడదు. ప్రాంతీయ భద్రత అంటే మన దృష్టిలో అప్పుడు ఇదే. మరి ఆ ట్యాంకులు ఎప్పుడొచ్చాయి? 2003లో మన ఇండియన్ ఆయిల్‌కి చెందిన లంక ఐఓసీ కొన్నిటిని వాడుకోవడం మొదలుపెట్టింది, మొత్తం 99 ట్యాంకులకూ పద్ధతి ప్రకారం ఒప్పందం కుదిరింది 2022 జనవరిలో, అందులో 61 ఉమ్మడి కంపెనీకి. 35 ఏళ్లు పట్టింది. తెచ్చింది సైన్యం కాదు, లంక డాలర్ల కోసం అల్లాడుతున్నప్పుడు మనం ఇచ్చిన అప్పులు, పెట్రోలు, మందులు. ఆ ఏడాది మొత్తం సాయం సుమారు 400 కోట్ల డాలర్లు. ఈలోగా, 2017లో, హంబన్‌తోట రేవు 99 ఏళ్ల లీజుకి చైనా కంపెనీకి వెళ్లిపోయింది, 2022 ఆగస్టులో చైనా నిఘా నౌక యువాన్ వాంగ్-5 అక్కడ లంగరేసింది. 1,100 మంది జవాన్ల ప్రాణాలు ఆ లీజుని ఆపలేదు.

ఇప్పటి సంగతి ఇంకా విచిత్రం. 1987 ఒప్పందం మీద రక్తపాతం చేసిన అదే జేవీపీ నాయకుడు అనుర కుమార దిస్సనాయకే 2024 సెప్టెంబరులో లంక అధ్యక్షుడయ్యాడు. లంక నేలను భారత్ భద్రతకు వ్యతిరేకంగా వాడనివ్వమని ఆయనే చెప్పాడు, 2025 ఏప్రిల్‌లో మోదీ కొలంబో వెళ్లినప్పుడు రక్షణ సహకారం మీద అవగాహన పత్రం కుదిరింది. ఆ పర్యటనలోనే మోదీ శాంతి సేన స్మారకం దగ్గర పుష్పగుచ్ఛం ఉంచారు. మాల్దీవుల కథా అంతే: ముయిజ్జు వెళ్లిపొమ్మంటే 2024 మేకల్లా మన సైనికులు వచ్చేశారు, వాళ్ల చోట సివిల్ సాంకేతిక సిబ్బంది వెళ్లారు, అదే ఏడాది అక్టోబరులో ముయిజ్జు ఢిల్లీ వచ్చి 40 కోట్ల డాలర్ల కరెన్సీ స్వాప్, అంటే కరెన్సీ మార్పిడి సాయం, తీసుకున్నాడు. అప్పుడు టీవీల్లో అరిచినవాళ్ల మాట విని యుద్ధనౌక పంపి ఉంటే ఈ రాక ఉండేదా?

కాబట్టి ప్రధానిగారికి చెప్పేది సూటిగా చెబుతాను. మన రాజ్యాంగంలో విదేశాలకు సైన్యం పంపడానికి పార్లమెంటు ముందస్తు అనుమతి అవసరం లేదు, 1987లో ఒప్పందం మీద సంతకానికీ సైన్యం దిగడానికీ మధ్య ఒక్క రోజు తేడా. దీన్ని మార్చండి. అత్యవసరమైతే ముందు పంపండి, మాల్దీవుల్లో లాగా, కానీ నిర్ణీత గడువులో సభకు వచ్చి లక్ష్యం ఏమిటి, ఎప్పుడు వెనక్కి వస్తాం అని చెప్పాలన్న నియమం పెట్టుకోండి. లక్ష్యం మారితే మళ్లీ రావాలి. అక్టోబరు 10కి ముందు రాజీవ్‌కి అలాంటి నియమం ఉండి ఉంటే, సభలో ఎవరో ఒకరు లేచి సంతకం పెట్టనివాడితో ఒప్పందం ఏమిటని అడిగేవారు.

రెండోది, లంక విషయంలోనే. ఒప్పందం వల్ల ప్రొవిన్షియల్ కౌన్సిళ్లు తెచ్చిన 13వ సవరణ ఇప్పటికీ లంక రాజ్యాంగంలో ఉంది. ఉత్తర, తూర్పు విలీనాన్ని 2006లో వాళ్ల సుప్రీంకోర్టు కొట్టేసింది, భూమి, పోలీసు అధికారాలు ఎప్పుడూ నిజంగా ఇవ్వలేదు, ఉత్తర ప్రావిన్సు కౌన్సిల్ కాలం 2018లోనే అయిపోయింది, ఆ తర్వాత ఎన్నిక పెట్టలేదు. మనవాళ్లు చనిపోయింది ఏ కాగితం కోసమో ఆ కాగితంలో తమిళులకు మిగిలింది ఆ కౌన్సిల్ ఒక్కటే. త్రికోణమలై ఇంధన కేంద్రం, విద్యుత్ లైను, రక్షణ పత్రం, అన్నీ మాట్లాడండి, మాట్లాడాలి కూడా, కానీ వచ్చేసారి దిస్సనాయకేతో కూర్చున్నప్పుడు ఆ ఎన్నిక తేదీ అడగండి.